నేల ఇచ్చిన బలం

మనిషి దేహబలాన్ని అంచనా వేసేటప్పుడు లోకం చూపు మొదట భుజాలమీద, ఆ తరువాత వక్షస్థలంమీద నిలుస్తుంది. ఆ దేహాన్ని మోస్తున్న కాళ్లను గమనించేవారు తక్కువ. మల్లవిద్య నేర్పిన పూర్వపు గురువులు, నేటి వ్యాయామశాస్త్రజ్ఞులు ఈ విషయంలో ఒకే మాట చెపుతారు. కుస్తీలో పట్టు, ముష్టియుద్ధంలో గుద్దు, కరాటే, తైక్వాండోలలో తన్ను, ఇవన్నీ పాదం నేలను నొక్కిన క్షణంలో పుడతాయి. ఆ బలం పిక్కలు, తొడలు, నడుము మీదుగా పైకి ప్రవహించి చివరకు చేతిలోనో కాలిలోనో బయటపడుతుంది. పునాది లేని మేడ ఎట్లా నిలువదో, కాళ్లలో సత్తువ లేని వీరుడు కూడా అట్లే నిలువలేడు. ఈ సత్యాన్ని తన దేహంతో లోకానికి చూపి, చివరికి ఆ కాళ్లలో ఒకదానినే కోల్పోయిన మహాబలుడు కోడి రామమూర్తినాయుడు.

రామమూర్తి 1882లో వీరఘట్టంలో జన్మించారు. చిరకాలం శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఆ ఊరు 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. తండ్రి వెంకన్ననాయుడు. పసితనంలోనే తల్లిని పోగొట్టుకున్న రామమూర్తి విజయనగరంలో పోలీసుశాఖలో పనిచేస్తున్న పినతండ్రి నారాయణస్వామి ఇంట పెరిగారు. తల్లి లేని పిల్లవానికి చదువుమీద కంటె వ్యాయామంమీదనే మనసు నిలిచింది. ఆ మనసును మళ్లించాలని పట్టుపట్టకుండా, దానికి తగిన దారి చూపిన పెద్దల దూరదృష్టి తెలుగుజాతికి ఒక మల్లవీరుణ్ణి ప్రసాదించింది.

ఆనాటి విజయనగరం కళలకు కాణాచి. గురజాడ అప్పారావు కన్యాశుల్కం 1892లో తొలిసారి ప్రదర్శితమైన నగరమది. ఆదిభట్ల నారాయణదాసు హరికథాగానంతో పండితులను, పామరులను ఒకే పందిట్లో కూర్చోబెట్టిన నగరమది. అక్కడ సాహిత్యానికి, సంగీతానికి లభించిన ఆదరమే సాముగరిడీలకూ లభించింది. ఉత్తరాంధ్ర పల్లెలలో పండుగనాడు యువకులు సంగిడి రాళ్లను ఎత్తి తమ బలాన్ని నిరూపించుకోవడం అనాదిగా వస్తున్న ఆచారం. అటువంటి వాతావరణంలో రామమూర్తి వ్యాయామశాలలో చేరి కుస్తీ నేర్చారు. దేహాన్ని, శ్వాసను, మనస్సును ఒకే తాటిపై నడపడం అలవరచుకున్నారు.

మన దేశంలో మల్లవిద్య అభ్యసించేవారి నిత్యసాధనకు దండీలు, బస్కీలు రెండు కళ్లవంటివి. దండీలు భుజాలను, ఛాతీని, వెన్నును దృఢపరుస్తాయి. బస్కీలు కాళ్లకు సంబంధించినవి. సాధకుడు నిటారుగా నిలిచి, మోకాళ్లు వంచుతూ కిందికి దిగి, మునివేళ్లమీద దేహభారాన్ని నిలిపి, చేతులను ముందుకు ఊపుతూ తిరిగి పైకి లేస్తాడు. చూడటానికి ఇది సులభమైన పని. పది చేస్తే తొడలు వేడెక్కుతాయి. యాభై చేస్తే కాళ్లు వణుకుతాయి. వందలు చేయగలిగినవానికే గోదాలో దిగడానికి గురువు అనుమతి దొరికేది. ఉడుకురక్తంతో గోదాలోకి ఉరకాలని తొందరపడే యువకుణ్ణి ఈ బస్కీలే అదుపులో ఉంచేవి. అవి కాళ్లకు బలం ఇవ్వడంతోబాటు మనస్సుకు ఓర్పును నేర్పేవి.

ఈ సాధనాక్రమం మనకు కొత్తది కాదు. నేటి బాన్సువాడ, బోధన్ ప్రాంతాలు ఒకనాడు కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో ఉండేవి. ఆ వంశంలో 12వ శతాబ్దానికి చెందిన మూడవ సోమేశ్వరుడు భూలోకమల్లుడనే బిరుదు వహించినవాడు. ఆయన రచించిన మానసోల్లాసమనే సంస్కృత గ్రంథంలో మల్లవినోదమనే భాగం ఉంది. మల్లులను వయస్సునుబట్టి, బలాన్నిబట్టి తరగతులుగా విభజించి, వారు చేయవలసిన శ్రమలను ఆ రాజు వివరించాడు. బరువులెత్తడం, నడక, ఈత, స్తంభంపై సాధన చేయడం వాటిలో కొన్ని. రాజు స్వయంగా గ్రంథస్థం చేయదగినంత గౌరవం దేహసాధనకు ఉండేదని దీనివల్ల తెలుస్తున్నది. తెలుగు మహాభారతంలో తిక్కన విరాటపర్వం చదివినవారికి, వంటశాలలో వలలుడనే పేరుతో దాగి ఉన్న భీముడు మల్లునితో తలపడిన ఘట్టం గుర్తుండే ఉంటుంది. రామమూర్తిని జనులు కలియుగ భీముడని పిలుచుకోవడానికి వెనుక ఇంత సంప్రదాయం ఉన్నది.

బస్కీలవంటి సాధన కాళ్లకు ఎందుకంత మేలు చేస్తుందో నేటి శాస్త్రం విడమరచి చెపుతుంది. బలం వేరు, సామర్థ్యం వేరు. అరవై కిలోల బరువున్న విద్యార్థి బస్కీ చేసి దేహాన్ని అర మీటరు ఎత్తు లేపాడనుకొందాం. అందుకు చేసిన పని దాదాపు 294 జౌళ్లు. ఆ పని ఒక సెకనులో జరిగితే సామర్థ్యం 294 వాట్లు. అదే పనిని అర సెకనులో చేయగలిగితే సామర్థ్యం 588 వాట్లకు చేరుతుంది. బరువు మారలేదు, ఎత్తు మారలేదు, పట్టిన కాలం మాత్రమే తగ్గింది. తన్నులో కావలసినది ఈ సామర్థ్యమే. మెల్లగా ఎంత బరువైనా నెట్టగల మనిషి కాలు విసిరినప్పుడు ప్రత్యర్థి తప్పుకోవడానికి కావలసినంత వ్యవధి ఇస్తే, ఆ బలంవల్ల ప్రయోజనం లేదు.

మన కండరాలలో నెమ్మదిగా పనిచేసి త్వరగా అలసిపోని తంతువులు కొన్ని, చురుకుగా పనిచేసి త్వరగా అలసిపోయే తంతువులు కొన్ని ఉంటాయి. సుదీర్ఘమైన నడకకు మొదటివి, మెరుపువంటి తన్నుకు రెండవవి ప్రధానం. ప్రయత్నం తీవ్రమైనప్పుడే నాడీమండలం ఈ రెండవ రకం తంతువులను పూర్తిగా పనిలోకి దించుతుంది. కండరం తన గరిష్ఠ బలాన్ని అందుకోవడానికి సుమారు 0.3 సెకన్లు లేదా అంతకన్న ఎక్కువ కాలం పడుతుంది. వేగవంతమైన పాదఘాతానికి అంత వ్యవధి ఉండదు. కాబట్టి ఉన్న బలాన్ని ఎంత త్వరగా వెలికి తీయగలమన్నదే అసలు ప్రశ్న. కిందికి దిగిన వెంటనే పైకి లేచేటప్పుడు కండరాలు, మడమపై ఉండే స్నాయువు సాగి, రబ్బరు తాడువలె తిరిగి ముడుచుకొంటాయి. అట్లా సాగినప్పుడు నిలువ అయిన శక్తి లేచేటప్పుడు అదనంగా తోడవుతుంది. 1960వ దశకంలో సోవియట్ శాస్త్రజ్ఞుడు యూరీ వెర్ఖోషాన్‌స్కీ ఈ సూత్రం ఆధారంగా ఎత్తునుంచి దిగి వెంటనే గెంతే అభ్యాసాలను రూపొందించి క్రీడాకారులకు నేర్పారు. చేతులు ఊపుతూ మునివేళ్లమీదనుంచి పైకి లేచే మన బస్కీలోనూ ఈ సూత్రపు ఛాయ కనిపిస్తుంది.

తన్నును మరికొంత నిశితంగా పరిశీలిస్తే ఇంకొక విశేషం బోధపడుతుంది. గాలిలో లేచే కాలి ఘనత నేలపై నిలిచిన కాలిలో ఉంది. నిలిచిన పాదం నేలను నెట్టుతుంది. న్యూటన్ మూడవ సూత్రం ప్రకారం నేల అంతే బలంతో తిరిగి నెట్టుతుంది. ఆ బలంతో కటి తిరుగుతుంది. కటి తిరిగినందువల్ల తొడ ముందుకు దూకుతుంది. తొడ వేగం తగ్గే క్షణంలో ఆ వేగం మోకాలి కింది భాగానికి బదిలీ అవుతుంది. కొరడా పిడివద్ద మొదలైన చిన్న కదలిక కొసవద్ద చురుక్కుమని మోగినట్లు, చివరి వేగమంతా పాదంలో చేరుతుంది. కుస్తీలో ప్రత్యర్థిని భుజంమీదుగా విసరివేసే ధోబీ పట్టులోనూ వరుస ఇదే. మొదట పాదం, తరువాత నడుము, ఆ పిమ్మట చేయి. ఈ వరుస తప్పినవాడు ఎంత కండలు పెంచినా ఫలితం పొందలేడు.

రామమూర్తి తన విద్యను వ్యాయామశాలకే పరిమితం చేయలేదు. మద్రాసులోని సైదాపేటలో ఒక సంవత్సరం వ్యాయామశాస్త్రం అభ్యసించి, శిక్షకుడుగా అర్హత సంపాదించి, విజయనగరానికి తిరిగివచ్చి ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడుగా చేరారు. గోదాలో గురుముఖంగా నేర్చిన పాత విద్య, తరగతిలో నేర్చిన కొత్త విద్య ఆయనలో ఈ విధంగా కలిశాయి. ఆ కాలపు పరిస్థితి కూడా గమనింపదగినది. భారతీయులు దుర్బలులనీ, పరిపాలింపబడటానికే తగినవారనీ పాలకులు ప్రచారం చేస్తున్న రోజులవి. ఐరోపాలో బలానికి మారుపేరైన యూజెన్ శాండో 1904, 1905 సంవత్సరాలలో మన దేశంలో ప్రదర్శనలిచ్చినప్పుడు జనం విరగబడి చూశారు. 1910లో గామా పహిల్వాన్ లండన్ వెళ్లి జిబిస్కోవంటి ప్రపంచప్రసిద్ధ మల్లులను ఎదిరించి నిలిచారు. దేహబలం ఆనాడు జాతి ఆత్మగౌరవానికి సంబంధించిన విషయమైంది. ఒక పాఠశాలలో నలభైమంది పిల్లలకు వ్యాయామం నేర్పుతున్న యువకునికి దేశమంతటినీ తన తరగతిగా చేసుకోవాలనే కోరిక కలగడంలో ఆశ్చర్యం లేదు.

పొట్టి పంతులు అనే మిత్రుని తోడ్పాటుతో, విజయనగర ప్రభువుల ఆదరంతో రామమూర్తి సర్కస్ సంస్థను నెలకొల్పారు. తెలుగునాట మొదలైన ప్రదర్శనలు ఉత్తరదేశానికి, విదేశాలకు విస్తరించాయి. ఒంటికి చుట్టిన ఉక్కు గొలుసును ఊపిరి పూరించి తెంచడం, భుజాలకు కట్టిన గొలుసులతో రెండు మోటారు కార్లను కదలకుండా నిలపడం, పరుండి ఛాతీపై ఏనుగును నిలుపుకోవడం ఆయన ప్రదర్శనలలో పేరెన్నికగన్నవి. వైస్రాయి మింటో ప్రభువు పరీక్షించదలచి తన సొంత కారునే ఇచ్చాడనీ, అది అంగుళమైనా కదలలేదనీ పెద్దలు కథలుగా చెప్పుకొంటారు.

ఇటువంటి ప్రదర్శనలను మాయలని భావించరాదు. ఏనుగు బరువు ఛాతీపై వేసిన బల్లమీదుగా విశాలమైన భాగానికి పంచబడుతుంది. పూరించి బిగబట్టిన శ్వాస పక్కటెముకలకు లోపలినుంచి ఆసరా ఇస్తుంది. ప్రాణాయామంలో రామమూర్తి గడించిన అదుపు ఇక్కడ అక్కరకు వచ్చింది. కదలబోయే వాహనాన్ని ఆపడంలోని రహస్యం పాదాలలో ఉంది. చేతులు గొలుసును పట్టుకొంటాయి, అంతే. బండి లాగే బలాన్ని భరించి నేలకు అప్పగించేవి కాళ్లు. పాదం అంగుళం జారితే ఆ భుజాలవల్ల ఏ మేలూ లేదు. ప్రేక్షకులు రామమూర్తి ఛాతీని చూసి చప్పట్లు కొడుతున్నప్పుడు, ఆ చప్పట్లలో సగానికి అర్హత విజయనగరంలో వేలసార్లు దిగి లేచిన ఆయన కాళ్లదే.

బిరుదులు ఆయనను వెదుకుకొంటూ వచ్చాయి. పూనాలో లోకమాన్య బాలగంగాధర తిలక్ సమక్షంలో మల్లమార్తాండ బిరుదు లభించింది. పండిత మదనమోహన మాలవ్యా ఆదరించి అలహాబాదుకు ఆహ్వానించారు. లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి దంపతుల ఎదుట ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులస్‌గా ప్రశంసలందుకొన్నారు. ఇంతటి బలం మాంసాహారంవల్ల వచ్చి ఉంటుందని తలచినవారికి ఆయన శాకాహారి అని తెలిసినప్పుడు విస్మయం కలిగేది. సంపాదించిన ధనాన్ని ఆయన కూడబెట్టుకోలేదు. దేశసేవకు, సత్కార్యాలకు ధారాళంగా వెచ్చించారు.

ఉచ్చదశ చూసిన దేహానికి విధి కఠినమైన పరీక్ష పెట్టింది. రామమూర్తి కాలిపై రాచపుండు లేచింది. వైద్యులు కాలు తొలగించక తప్పదన్నారు. క్లోరోఫారం తీసుకోకుండా, ప్రాణాయామంలో మనస్సు నిలిపి ఆ శస్త్రచికిత్సను సహించారని ఆయన జీవితగాథ చెప్పేవారందరూ ఆశ్చర్యంతో స్మరిస్తారు. కారును కదలనీయకుండా నేలలో నాటుకొని నిలిచిన పాదాలలో ఒకటి ఆయనకు దూరమైంది. కవికి కంఠం, చిత్రకారునికి చూపు, మల్లునికి కాలు. వృత్తికి ఆధారమైనదే పోయినప్పుడు మనిషిలో మిగిలేదేమిటన్న ప్రశ్న ఇక్కడ తలెత్తుతుంది.

రామమూర్తి జీవితంలో ఈ ప్రశ్నకు సమాధానం ఉన్నది. పోయినది కాలు, సాధన కాదు. కోత పెడుతున్న వేళ చలించకుండా నిలిపిన స్థైర్యం బిరుదులిచ్చినది కాదు, ప్రేక్షకులిచ్చినది కాదు. బాల్యంలో బస్కీలు చేస్తూ తొడలు వణికినప్పుడు ఆగిపోకుండా మరొక్కసారి దిగి లేచిన అలవాటే ఆ స్థైర్యానికి మూలం. కండరం కాలంతో తరుగుతుంది, వ్యాధితో నశిస్తుంది. కండరాన్ని పెంచే క్రమంలో మనస్సుకు అబ్బిన పట్టుదల మాత్రం చివరి శ్వాసవరకు తోడుంటుంది. ఆయన చివరి రోజులు ఒడిసాలోని బలాంగీర్‌లో, అక్కడి సంస్థానాధీశుల ఆదరంలో గడిచాయి. 1942లో ఆ మల్లమార్తాండుడు అస్తమించారు.

శ్రీకాకుళంలోని క్రీడామైదానం నేడు కోడి రామమూర్తి పేరు ధరించి ఉంది. విశాఖ సముద్రతీరంలో ఆయన విగ్రహం నెలకొని ఉంది. శిలకంటె గొప్ప స్మారకం మరొకటి ఉంది. ఆయన పుట్టిన ప్రాంతంలోనే, ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేటనుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యపతకం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమె. బరువులెత్తే క్రీడ చేతులది అనిపిస్తుంది గాని, బరువును ఒక్క ఉదుటున నేలనుంచి పైకి లేపేవి కాళ్లే. సంగిడి రాళ్లు ఎత్తిన పల్లెల సంప్రదాయం ఆడబిడ్డ రూపంలో ప్రపంచవేదిక ఎక్కిందని భావించవచ్చు.

ఈ సంప్రదాయం తెలంగాణలోనూ సజీవంగా ఉంది. బాన్సువాడ, బోధన్ పరిసర గ్రామాలలో జాతర వచ్చిందంటే కుస్తీపోటీలు జరగవలసిందే. కొబ్బరికాయ పందెంతో పిల్లల కుస్తీలు మొదలై, వెండి కడియంకోసం పెద్దమల్లులు తలపడటంతో ముగుస్తాయి. సరిహద్దు దాటి మహారాష్ట్ర, కర్ణాటకలనుంచి కూడా మల్లులు వస్తారు. అక్కడ గెలిచేవారిని పరిశీలించండి. చేతులు చాచి ముందుగా ఎగబడినవాడు ఓడిపోవడం, పాదాలు విశాలంగా నిలిపి నడుము వంచి సమయంకోసం వేచినవాడు గెలవడం తరచుగా కనిపిస్తుంది. నేడు పాఠశాలల్లో కరాటే, తైక్వాండో నేర్చుకొంటున్న బాలబాలికలకు కూడా ఆ గోదా ఒక పాఠశాలే.

అటువంటి సాధన ప్రారంభించే యువతకు రామమూర్తి జీవితం ఒక క్రమాన్ని సూచిస్తుంది. మొదట బలం, పిదప వేగం. బస్కీలతో మోకాళ్లు, చీలమండలు గట్టిపడిన తరువాతనే గెంతులు మొదలుపెట్టాలి. గెంతులు తక్కువ ఎత్తునుంచి, మెత్తని నేలపై, చప్పుడు కాకుండా దిగేటట్లు చేయాలి. ప్రతి గెంతూ పూర్తి ప్రయత్నంతో ఉండాలి, కాబట్టి సంఖ్య తక్కువగా ఉండాలి. అలసిన కాళ్లతో చేసిన గెంతు వేగాన్ని పెంచదు, గాయాన్ని తెస్తుంది. తీవ్రమైన సాధన జరిగిన మరునాడు కాళ్లకు విశ్రాంతి ఇవ్వాలి, ఎందుకంటే కండరం బలపడేది శ్రమించేటప్పుడు కాదు, ఆ తరువాత కోలుకొనేటప్పుడు. వీటన్నింటికీ గురువు పర్యవేక్షణ అవసరం. ఈ విద్యను బలహీనులమీద ప్రయోగించరాదన్న నియమం ఈ క్రమానికి మకుటం.

మెరుపువలె తాకే తన్నును చూసినవారికి ఆ క్షణమే కనిపిస్తుంది. ఆ క్షణం వెనుక తెల్లవారుజామున ఎవరూ చూడనివేళ నేలను నమ్ముకొని చేసిన సంవత్సరాల శ్రమ ఉంటుంది. రామమూర్తి నేలకు వేలసార్లు వంగారు. నేల ఆయనను లోకమంత ఎత్తుకు లేపింది. తరువాత ఒక కాలు పోయినా ఆయన నిలబడగలిగారంటే, నేల ఇచ్చిన బలం అప్పటికే కాలినుంచి మనస్సుకు చేరింది.